మగ్గం గది సర్దిన అమావాస్య

నాగర్‌కర్నూలు,
బహుధాన్య సంవత్సరం, శ్రావణ శుద్ధ ఏకాదశి.

చిట్టితల్లి లలితమ్మకు, నీ పెద్దమ్మ లక్ష్మీదేవమ్మ దీవెనలన్నీ మూటగట్టి పంపుతూ రాస్తున్నది.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. నాలుగుసార్లు చదివాను. మొదటిసారి నీ అక్షరాలు చూసి మురిసిపోవడానికి, రెండోసారి సంగతి తెలుసుకోవడానికి, మిగతా రెండుసార్లు నీ మీద కోపం తెచ్చుకోవడానికి. "ఇంటి నిండా నూలే పెద్దమ్మా, కాలు పెట్టే చోటు లేదు. అత్తమ్మ నన్ను ఏ పనీ ముట్టనివ్వదు. ఈ ఇంట్లో నేను చుట్టాన్నో కోడలినో తెలియడం లేదు" అని రాశావు. నువ్వు గద్వాలకు కాపురానికి పోయి పదిరోజులు కాలేదు. పదిరోజుల్లో వేసిన గోంగూర కూడా కూరకు రాదు తల్లీ. నీకు అప్పుడే ఇంటి తాళంచెవులు కావాలా?

మీ అమ్మ నిన్ను నా ఒళ్ళో పెట్టి కన్నుమూసేనాటికి నీకు మూడేళ్ళు. అప్పటినుంచి నీకు నేర్పినవి రెండే, ఇల్లు సర్దుకోవడం, మనసు సర్దుకోవడం. మన ఇంట మగ్గం పోయి రెండు తరాలయింది. మీ తాత మగ్గం గుంట పూడ్చేసి బిజినేపల్లి దారిలో కౌలుకు చేను పట్టాడు. కాబట్టి నూలు పని నాకూ తెలియదు, నీకూ తెలియదు. అయితేనేం, ఎవరి ఇల్లయినా ఇల్లే కదా.

ఇల్లంతా ఒకేసారి మీద వేసుకోకు. నడుము పడిపోతుంది, పైగా మీ అత్త "నా ఇంట్లో నీ పెత్తనమేంది" అంటుంది. రోజుకు ఒక గూడు చాలు. గూట్లో ఉన్నదంతా చాటలో పోసి, అవసరమైనవి వెనక్కి పెట్టు, పగిలినవీ తెగినవీ ఆ పూటే బయట పారెయ్యి. రేపు చూద్దామని ఉంచావో, అవి పిల్లల్ని పెడతాయి. గరిటెలకు ఒక మేకు, చేంతాడుకు ఒక మేకు. తీసినది తీసినచోటే పెట్టాలి. దీపం వెలిగించే ముందు ఇల్లంతా ఒక్కసారి కలయతిరిగి, దారిలో ఉన్నదాన్ని దాని చోటికి చేర్చు. ఎంతసేపు? ఒక ఆకు వేసుకుని నమిలేంతసేపు.

రెండోది. పొద్దున కళ్ళు తెరవగానే ఆరోజు బాగున్నదేదో ఒకటి వెతుక్కో. ఏమీ కనిపించకపోతే చద్దన్నం ఉందనుకో, వాన తెరిపిచ్చిందనుకో. దాన్ని నీలోనే దాచుకోకు, మీ అత్తకు చెప్పు. ఆమె మూతి తిప్పుకున్నా సరే చెప్పు. మొహం ముడుచుకుని లేచిన రోజు ఎలాగూ ముడుచుకునే పోతుంది, నవ్వుతూ లేస్తే సగమైనా బాగుపడుతుంది.

అల్లుడు నాగప్పను అడిగానని చెప్పు. మీ అత్త ఈదమ్మ వదినెకు నా నమస్కారం. నువ్వు లేక ఇక్కడ పిల్లి కూడా పాలు సరిగా తాగడం లేదు. నేను మాత్రం బాగానే ఉన్నాను.

లక్ష్మీదేవమ్మ

---

గద్వాల,
శ్రావణ బహుళ పంచమి.

కన్నతల్లికన్న ఎక్కువైన పెద్దమ్మకు, లలిత కాళ్ళకు మొక్కి రాసేది.

నీ మాట ప్రకారం రోజుకు ఒక గూడు మొదలుపెట్టాను. మొదటి గూట్లో ఏం దొరికాయో విను. మూడు విరిగిన దువ్వెనలు, ఒక డబ్బా చింతగింజలు, మూత లేని కుంకుమ భరిణె, భరిణె లేని మూత. ఆ మూత ఆ భరిణెదే. రెండూ పక్కపక్కనే ఉండి ఎన్నేళ్ళుగా ఒకదాన్నొకటి చూసుకోలేదో. అత్తమ్మకు చూపిస్తే "ఓసి, గిది గీడనే ఉన్నదా" అని భరిణెను కళ్ళకద్దుకున్నది.

ఈ ఇల్లు ఎట్లా ఉంటుందో నీకు రాయలేదు కదా. ముందుగది అంతా మగ్గమే. నేలలో గుంట, ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఆయన నేస్తారు. చీరంతా నూలు, అంచూ కొంగూ మాత్రం పట్టు. వెనకగదిలో అత్తమ్మ రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతుంది. మామయ్య పోయి మూడేళ్ళయిందట. వంట కూడా ఆ గదిలోనే ఒక మూలన. రంగు నూలు కట్టలు, చిలపలంటారు ఇక్కడ, దండెం మీద, మంచం మీద, చివరికి పిండి జల్లెడ మీద కూడా ఉండేవి. నేను ఒక వెదురుబొంగు కట్టి, రంగుకు ఒక చోటు చొప్పున వేలాడదీశాను. రెండోరోజు ఆయన "అమ్మా, ఇప్పుడు ఎర్రది అడిగితే ఎర్రదే వస్తున్నదే" అన్నారు. ఆమె "ఇంతకుముందు నల్లది ఇచ్చిన్నా ఏంది" అని గద్దించింది. కానీ ఆరోజు నుంచి తానూ నూలు బొంగుకే వేస్తున్నది. నేను చూడనట్టే ఉన్నాను.

పొద్దున మంచిమాట చెప్పడం మాత్రం చాలా కష్టంగా ఉంది పెద్దమ్మా. "అత్తమ్మా, మజ్జిగ ఇవాళ బాగా కుదిరింది" అంటే "మజ్జిగ రోజూ గట్లనే ఉంటది" అన్నది. "గాలి చల్లగా వస్తున్నది" అంటే "తలుపు ఎయ్యి" అన్నది. అయినా ఆపలేదు. ఆరోరోజు నేను నోరు తెరవకముందే ఆమె వాకిట్లో నిలబడి "ఇయ్యాల ఎండ మంచిగొచ్చింది పిల్లా, నూలు ఆరుతది" అన్నది. నాకు ఎంత సంతోషమైందంటే, ఆ సంతోషంలో పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఇక మిగిలింది మగ్గం గది. అమావాస్య నాడు మగ్గం ముట్టరు, అది ఇక్కడి పద్ధతి. ఆరోజు ఆయన నేసిన చీరలు అప్పగించడానికి వనపర్తి పోతారట, అత్తమ్మ ఎవరి బిడ్డకో తొట్టెల పండుగ చేస్తుంటే పొరుగువీధికి పోతుందట. వాళ్ళు వచ్చేసరికి ఆ గది అద్దంలా చేసి పెట్టాలని ఉంది. ఈ ఇల్లు ఇక నాది అనిపిస్తున్నది.

నీ
లలిత

---

నాగర్‌కర్నూలు,
శ్రావణ బహుళ దశమి.

బంగారుతల్లి లలితకు పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చదివి పొరుగింటి వెంకటమ్మకు కూడా వినిపించాను. భరిణె సంగతికి ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నేను పెంచిన పిల్ల అనిపించుకున్నావు.

మగ్గం గదిని తప్పకుండా పట్టు. సగం ఇల్లు సర్ది సగం వదిలితే, సగం తలకే నూనె రాసినట్టుంటుంది. తెగిన పోగులు, వేలాడే తోకలు ఏవి కనిపించినా మొహమాటపడకు, కత్తిరించి పారెయ్యి. మగవాళ్ళకు అవి కనపడవు. నువ్వు చేసి చూపించాక మెచ్చుకుంటారు.

ఉత్తరం వెంటనే రాయి. మీ అత్త ఏమన్నదో ఒక్క మాట వదలకుండా రాయాలి.

లక్ష్మీదేవమ్మ

---

గద్వాల,
భాద్రపద శుద్ధ తదియ.

పెద్దమ్మకు నమస్కారాలు.

ఇక్కడ అందరమూ క్షేమం. వానలు బాగా పడుతున్నాయి. నిన్న కూడా పడింది. అమావాస్య నాడు మగ్గం గది సర్దాను. ఆయన ఇప్పుడు పక్కవీధిలో పనికి పోతున్నారు. అత్తమ్మ ఆరోగ్యం బాగున్నది. నేను నువ్వు చెప్పినట్టే రోజూ నవ్వుతూ ఉన్నాను.

లలిత

---

నాగర్‌కర్నూలు,
భాద్రపద శుద్ధ సప్తమి.

లలితా,

దీవెనలు తర్వాత. ముందు నా ప్రశ్నలకు జవాబు చెప్పు.

నాలుగు ముక్కల ఉత్తరం రాసి, అందులోనూ సగం వాన గురించి రాశావు. గద్వాలలో వాన పడితే నాగర్‌కర్నూలులో పడదా, నాకు చెప్పడానికి? మీ ఇంట్లో మగ్గం ఉండగా అల్లుడు పక్కవీధికి పనికి ఎందుకు పోతున్నాడు? మగ్గం గది సర్దానన్నావు, మీ అత్త ఏమన్నదో రాయలేదు. నువ్వు చిన్నప్పుడు నా నేతిగిన్నె పగలగొట్టి, పెంకులు బియ్యంలో దాచి, నా పక్కన కూర్చుని ఇట్లాగే నవ్వుతూ ఉన్నావు. ఆ నవ్వు నాకు తెలుసు.

జరిగింది జరిగినట్టు రాయి. ఎంత చెడ్డదైనా సరే. నీ మీద కోప్పడను. కోపం వచ్చినా ఇంత దూరం నుంచి నిన్నేం చేయగలను?

రాత్రి అన్నం సయించలేదు. త్వరగా రాయి.

పెద్దమ్మ

---

గద్వాల,
భాద్రపద శుద్ధ ద్వాదశి.

పెద్దమ్మా,

రాస్తున్నాను. చదివి నువ్వు ఏడవకు.

అమావాస్య ముందురోజే నేసిన చీరలు కోసి మగ్గం మీద నుంచి దించారు. నిలువు పోగులన్నీ వరుసగా దూరి ఉండే అచ్చు ఒకటి ఉంటుంది. చీరలు కోశాక ఆ అచ్చుకు ముందూ వెనకా జానెడేసి పోగులు వేలాడుతున్నాయి. అయిపోయిన చీరల తోకలనుకున్నాను. ఒకవైపు కత్తెరతో కోసి రెండోవైపు లాగితే, దువ్వెనలోంచి వెంట్రుకలు వచ్చినట్టు వచ్చేశాయి. అంతా తీసేసి, అచ్చును తడిగుడ్డతో తుడిచి, మేకు కొట్టి గోడకు తగిలించాను. చాలా అందంగా కనిపించింది. దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూసుకుని మురిసిపోయాను.

ఆ తోకలే కొత్త పడుగుకు, అంటే రాబోయే చీరల నిలువు పోగులకు, దారి అట పెద్దమ్మా. కొత్త పోగు కొసను పాత పోగు కొసకు బూడిద అద్ది మెలిపెట్టి అతుకుతారు. అట్లా అన్నీ అతికి ముందుకు లాగితే కొత్తవి పాతవాటి వెంట అచ్చులోకి వచ్చేస్తాయి. పాతవి లేకపోతే మూడువేల పోగులు ఒక్కొక్కటే మళ్ళీ దూర్చాలి. ఏ పోగు ఎందులో దూరాలో, పట్టు అంచు దగ్గర వరుస ఎట్లా మారుతుందో అత్తమ్మకు ఒక్కదానికే పూర్తిగా తెలుసు. ఈ ఊళ్ళో అయిదేళ్ళ పిల్లకు తెలిసిన సంగతి నాకు తెలియలేదు.

అత్తమ్మ తొట్టెల నుంచి వచ్చి గడపలోనే నిలబడిపోయింది. చెత్తబుట్టలో వేసిన పోగులన్నీ ఏరి కొంగులో పోసుకుని, గుంట పక్కన కూర్చున్నది. "ఎవలు చెప్పిండ్రు నీకు గిట్ల చెయ్యుమని?" అని అడిగింది. నాకు భయంతో ఏమీ తోచక "మా పెద్దమ్మ" అన్నాను. ఆ ప్రశ్నే ఆమె నాతో మాట్లాడిన చివరిమాట. పన్నెండు రోజులైంది.

ఆయన వనపర్తి నుంచి వచ్చి, "తెల్వక చేసింది లేమ్మా, నువ్వు పోగు అందియ్యి, నాలుగు దినాల్ల మల్ల దూర్చుకుందం" అన్నారు. ఆమె "నేను చెయ్యి పెట్ట. గట్లనే ఉండనీ" అన్నది. పోగు అందించడానికి ఒకరు, అటువైపు లాగడానికి ఒకరు, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే తప్ప ఆ పని కాదు. మా మగ్గం ఊరికే ఉన్నది. ఆయన పక్కవీధి వాళ్ళ మగ్గం మీద నేస్తున్నారు. వనపర్తి పెళ్ళివాళ్ళకు దసరాకు ఇవ్వాల్సిన చీరల పడుగు గంజి పెట్టి చుట్టి అట్లాగే ఉన్నది.

నువ్వు నవ్వుతూ ఉండమన్నావు. మొన్న పొద్దున "అత్తమ్మా, వాన తెరిపిచ్చింది" అని నవ్వుతూ చెప్పాను. ఆమె నావైపు ఒక చూపు చూసి లోపలికి పోయింది. ఆ చూపు తర్వాత నాకు నవ్వాలంటేనే సిగ్గేస్తున్నది.

నిన్న పక్కింటి పద్మమ్మతో అంటుంటే విన్నాను. "దసరాకు పుట్టింటికి తోలిస్త. పని తెలిసినంక మల్ల చూద్దం" అన్నది. పుట్టింటికి పోయిన కోడళ్ళు కొందరు మళ్ళీ రాలేదని నాకు తెలుసు. నేను ఈ ఇంట్లో ఉండాలని ఉంది పెద్దమ్మా. నన్ను పంపించేస్తారేమోనని ప్రతి పూటా భయంగా ఉంది. ఏం చేయాలో చెప్పు.

లలిత

---

వనపర్తి,
భాద్రపద బహుళ విదియ.

నా తల్లీ,

ఎక్కడి నుంచి రాస్తున్నానో చూశావు కదా. నీ ఉత్తరం అందిన రోజే భీమన్న బండి మాట్లాడుకుని, తెల్లవారి బయలుదేరాను. నిన్ను వెంటబెట్టుకుని ఇంటికి తెచ్చుకోవాలని. వనపర్తి దాకా వచ్చేసరికి బండి ఇరుసు విరిగింది. ఇక్కడ మీ పెదనాన్న చెల్లెలు జానకమ్మ ఇంట్లో దిగాను. ఇరుసు రేపటికి బాగవుతుంది. రైలుకు కూడా పోవచ్చు. కానీ పోలేదు. నిన్న పగలంతా ఈ అరుగు మీద కూర్చుని ఆలోచించాను. ఆలోచించినది నీకు చెప్పకుండా నీ ఎదుటికి రాలేను.

"నన్ను పంపించేస్తారేమో" అన్న నీ మాట చదవగానే నాకు ముందు ఏమనిపించిందో తెలుసా? సంతోషమనిపించింది లలితా. నువ్వు ఇంటికి వస్తున్నావని. నీ మంచం ఎక్కడ వేయాలో, నీ గాజులపెట్టె ఏ గూట్లో పెట్టాలో అప్పుడే అనుకున్నాను. నువ్వు ఏడుస్తూ రాసిన ఉత్తరం చేతిలో పెట్టుకుని అవన్నీ అనుకున్నాను. బండి ఎక్కాక కూడా మనసు హుషారుగానే ఉంది. ఇరుసు విరిగి దారిపక్కన కూర్చున్నాకగానీ నన్ను నేను చూసుకోలేదు. పొద్దున లేచి మంచిని వెతుక్కోమని నీకు చెప్పినదాన్ని, నీ కష్టంలో నా మంచిని వెతుక్కున్నాను. నాకు నా మీదే అసహ్యమేసింది.

ఇంకొకటి కూడా చెప్పనీ. నా ఇల్లు అంత పొందికగా ఎందుకుంటుందో నీకు ఎప్పుడూ చెప్పలేదు. కదిపేవాళ్ళు లేక. మీ పెదనాన్న ఉన్నప్పుడు చుట్టలు ఒక చోట, కండువా ఒక చోట, పొలం నుంచి తెచ్చిన మట్టి అంతటా. రోజూ తిట్టేదాన్ని. ఆయన పోయాక పెట్టిన వస్తువు పెట్టినచోటే ఉంది. దానికి నేను పద్ధతి అని పేరు పెట్టి, ఊరందరికీ నేర్పాను. నువ్వున్నన్నాళ్ళు కాస్త చిందరవందర చేసేదానివి, నిన్నూ తిట్టాను. ఇప్పుడు గరిటె మేకుకే ఉంటుంది. ఒక్కదాన్నే తీస్తాను, ఒక్కదాన్నే పెడతాను.

సర్దడం తప్పని అనను. రోజుకు ఒక గూడు అన్నది మంచిమాటే. కానీ ఇంకొకరి ఇంట్లో ఒక వస్తువు ఎందుకు అక్కడ ఉందో అడిగి తీయమని నీకు చెప్పలేదు. మగ్గమంటే ఏమిటో తెలియకుండా కత్తిరించి పారెయ్యమన్నాను. ఆ తప్పు నాది. ఈదమ్మ వదినెకు ఈ మాట చదివి వినిపించు.

నవ్వు విషయంలో కూడా తప్పే చెప్పాను. మంచిగా ఉండమంటే ఎదుటి మనిషి బాధ మీద నవ్వు కప్పమని కాదు. నువ్వు ఆమె దగ్గరకు పోయి కూర్చో. నవ్వొద్దు, ఏడవొద్దు. మూడువేల పోగులు దూర్చడం నాలుగు రోజుల పని అయితే, నాలుగు రోజుల పనికి పన్నెండు రోజుల మౌనం ఎందుకు? చెత్తలోని పోగులు కొంగులో ఎందుకు పోసుకున్నది? నీకు తెలియనిదేదో ఆ అచ్చులో ఉన్నది. అదేమిటని అడుగు. తిడితే పడు. అడగడం మాత్రం మానకు.

నీ జవాబు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను. వచ్చి తీసుకుపొమ్మంటే వస్తాను, నిన్ను కళ్ళల్లో పెట్టుకుంటాను. వద్దంటే నాగర్‌కర్నూలుకు తిరిగిపోతాను. ఏది రాసినా నా కోసం రాయకు, నీ కోసం రాయి.

నీ పెద్దమ్మ

---

గద్వాల,
భాద్రపద బహుళ దశమి.

పెద్దమ్మా, నీ లలిత రాసేది.

జవాబు ఆలస్యమైంది. చేతులకు తీరిక లేదు. ఎందుకో చెబుతాను.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం అత్తమ్మ రాట్నం ముందు కూర్చుని ఉన్నది. నేను పోయి ఎదురుగా కూర్చున్నాను. "అత్తమ్మా, నేను కోసింది ఏందో నాకు తెల్వదు. నువ్వు చెప్పు" అన్నాను. ఆమె రాట్నం ఆపలేదు. కండె నిండింది, ఇంకోటి పెట్టింది. అది కూడా నిండింది. నేను లేవలేదు. చివరికి ఆమే లేచి పోయి పడుకున్నది. అయిపోయింది, ఇక పెట్టె సర్దుకోవాల్సిందే అనుకున్నాను.

తెల్లవారి నేను వాకిలి ఊడ్చి వచ్చేసరికి అచ్చు గోడ మీద లేదు. మగ్గం గదిలో కట్టి ఉంది. కొత్త పడుగు విప్పి ఉంది. అత్తమ్మ అచ్చుకు అవతలవైపు కూర్చుని ఉంది. "కూసో" అన్నది. ఆ ఒక్కమాట కోసం నేను ఇరవై రోజులు ఎదురుచూశాను పెద్దమ్మా.

ఆమె అటు నుంచి ఒక్కో పోగు కొస అందిస్తుంది. నేను ఇటు నుంచి సన్నని కొక్కెంతో లాగుతాను. ఒక పోగు, తర్వాత ఇంకో పోగు. మొదటిరోజంతా మాటల్లేవు. చూపులు మాత్రం తప్పవు, ఎందుకంటే మధ్యలో అచ్చు ఒక్కటే అడ్డం.

రెండోరోజు మధ్యాహ్నం తనే మొదలుపెట్టింది. ఆ అచ్చులో వరుస పెట్టింది మామయ్య అట. అప్పుడు నా చోట ఆయన కూర్చున్నాడట, ఇదే చోట అత్తమ్మ. అదయిన నెలకే జ్వరం వచ్చి పోయాడు. అప్పటినుంచి మూడేళ్ళు, ఒక పడుగు అయిపోతే దాని కొసకు ఇంకో పడుగు అతుకుతూ, ఒక్కసారి కూడా తెగకుండా తెచ్చింది. "పోగులు ఆయినవి కావు పిల్లా, అవి ఎప్పుడో చీరలై పోయినయ్. ఆయిన పెట్టిన వరుస ఉండె. రోజూ పొద్దున లేచి దాన్ని చూస్తుంటి" అన్నది. నేను కోసిన పోగులను కొంగులో నుంచి తీసి తన పెట్టెలో చీర మడతలో పెట్టుకున్నదట. నాకు ఏడుపు ఆగలేదు. "కండ్లు తుడుసుకో, నీళ్ళుంటే పోగు కనబడదు" అన్నది. ఆమె కూడా కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

మూడోరోజు పట్టు అంచు దగ్గర నేను ఒక పోగు తప్పాను. నలభై పోగులు పోయాకగానీ చూసుకోలేదు. ఆ నలభై మళ్ళీ తీయాలి. భయంతో నా చేతులు ఆగిపోయాయి. అత్తమ్మ చూసి, ఒక్కసారిగా నవ్వింది. "మీ మామ గూడ సరిగ్గ గీడనే తప్పిండు. నన్ను తిట్టిండు, నువ్వే తప్పు అందిచ్చినవని" అన్నది. ఆ నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు. ఆయన గడపలో నిలబడి ఏమైందో తెలియక మా ఇద్దరినీ చూస్తున్నారు.

నిన్న సాయంత్రానికి అంతా అయింది. ఈరోజు పొద్దున మా మగ్గం ఆడింది.

నీ ఉత్తరం అత్తమ్మకు చదివి వినిపించాను. నువ్వు సంతోషపడ్డానని రాసిన చోట దాటేసి చదివితే, నా గొంతు మారడం విని పట్టేసింది. "అది గూడ సదువు" అన్నది. చదివాను. నువ్వు అట్లా అనుకున్నందుకు నాకు కోపం రాలేదు. నీ ఇల్లు గుర్తొచ్చింది, నువ్వు ఒక్కదానివే దీపం పెట్టుకోవడం గుర్తొచ్చింది. నా కోసం రాయమన్నావు కనుక నా కోసమే రాస్తున్నాను. నేను రాను పెద్దమ్మా. ఇక్కడే ఉంటాను. నిజం ఇదే.

ఇంతలో అత్తమ్మ వచ్చి నా పక్కన కూర్చున్నది. నీకు తానే చెప్పాలట. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

వదినెకు ఈదమ్మ దండం పెట్టి చెప్పేది. మీరు వనపర్తిల ఆగిండ్రని పిల్ల చెప్పింది. తప్పు మీదని రాసిండ్రు. మీది కొంచెమే. నా తప్పు గూడ ఉన్నది. దసరాకు తోలిస్త అని పద్మమ్మతోని అన్న. అది పిల్ల చెవుల పడుతదని తెలిసే గట్టిగ అన్న. గది నాకు ఇప్పుడు యాది చేసుకుంటే మంచిగ అనిపిస్తలేదు. మీరు సంతోషపడ్డ సంగతి ఇన్న. ఒక్కతె ఉన్న మనిషికి గట్లనే అయితది. నాకు తెల్వదా వదినె.

ఇల్లు మాత్రం మీ పిల్ల మంచిగ సర్దింది. అబద్ధమెందుకు, కుంకుమ భరిణె దొరికింది, ఎర్రనూలు అడిగితే ఎర్రనూలు దొరుకుతున్నది. కత్తెర ఒక్కటి నా కొంగుకు కట్టుకున్న. జర అలవాటయ్యేదాక నా దగ్గరనే ఉండనీ.

పిల్లను తీస్కపోను వస్తున్నరైతే రావొద్దు. ఉండను వస్తే రేపే రైలెక్కుండ్రి. నెల ఉండుండ్రి, రెండు నెలలు ఉండుండ్రి. నాగప్పను టేషన్‌కు పంపుత.

ఆమెను మాత్రం పంప. మా ఆయిన పోయినంక ఈ ఇంట్ల నా ఎదురుంగ ఎవ్వలు కూసోలే. కొడుకు గుంటల కూసుంటడు, నాకు ఆని వీపే కనబడుతది. మొన్నటి సంది పొద్దున లేస్తే గీ పిల్ల మొకం చూసి పనిల కూసుంటున్న. ఈమెను మీ బండెక్కిచ్చి, రేపటి సంది నేను ఎవల మొకం చూడాలె వదినె?